క్యాసెట్లో అమ్మ ఆగే చోటు

పోయిన వారం నా డిగ్రీ పట్టా పోస్టులో వచ్చింది. గట్టి అట్ట కవరు, లోపల మందపాటి కాగితం, కింద నీలం సిరా సంతకం. ముందు పోస్ట్‌మ్యాన్‌కి చూపించాను. తర్వాత గది ఎదురుగా ఇస్త్రీ చేసే ఆయనకి, పాలు పోసే ఆమెకి, సైకిలు పంపు అడగడానికి వచ్చిన ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా చూపించాను. మా ఇంట్లో నాకు ముందు ఎవరూ బడి గడప తొక్కలేదు. అవ్వది వేలిముద్ర, నాన్నది వేలిముద్ర, అమ్మది వేలిముద్ర. ఆ మూడు వేలిముద్రల తర్వాత నేను బి.కాం., ఫస్టు క్లాసు. పాసై ఏడాది దాటినా ఈ మాట చెప్పడం నాకింకా కొత్తగానే ఉంది.

ఈ వార్త మొదటిసారి చెప్పాలని మిఠాయి కొనుక్కుని సిద్ధమైన రోజున మాత్రం చెప్పలేకపోయాను. అదంతా కువైట్‌లో జరిగింది. దానికి ముందు అమ్మ క్యాసెట్ల సంగతి చెప్పాలి.

నాన్న పోయిన ఏడాదికి అమ్మ కువైట్ వెళ్లింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. జహ్రాలో ఒక కువైటీ వాళ్లింట్లో పని. అమ్మకు రాయడం రాదు, అవ్వకు చదవడం రాదు. అందుకని కడప వైపు కువైట్‌కు మనుషుల్ని పంపిన అన్ని ఇళ్లలోలాగే మా ఇంటికీ అమ్మ గొంతు క్యాసెట్లలో వచ్చేది. సెలవు మీద వచ్చేవాళ్ల పెట్టెల్లో సబ్బులకీ చీరలకీ మధ్య ఒక క్యాసెట్టు ఉండేది. మేమూ ఒకటి మాట్లాడి, తిరిగి పోయేవాళ్ల చేతిలో పెట్టి పంపేవాళ్లం.

అమ్మ క్యాసెట్లలో ఒక వింత ఉండేది. “నాయనా, తింటివా?” అని అడిగేది. ఆ తర్వాత ఏమీ వినిపించేది కాదు. రీలు తిరిగే సన్నటి చప్పుడు, వెనకెక్కడో ఏసీ మోత, అంతే. నాలుగు ముద్దలు తిని నీళ్లు తాగేంత సేపటికి మళ్లీ, “సరే. బడికి పోతాండావా?” మళ్లీ ఖాళీ. వినడానికి వచ్చిన పక్కింటివాళ్లు, మీ అమ్మకు బటన్ నొక్కడం తెలీదని నవ్వేవాళ్లు. అవ్వ మాత్రం టేప్‌రికార్డరు మీదికి వంగి ఆ ఖాళీల్లో జవాబు చెప్పేది. “తినినాడు లేమ్మా, సంగటి తినినాడు,” అని ఆ గొంతు జహ్రాకు చేరాలన్నంత గట్టిగా. చిన్నప్పుడు నేనూ చెప్పేవాణ్ణి.

తొమ్మిదో తరగతికొచ్చేసరికి నాకు తెలివొచ్చింది. అమ్మ అమాయకత్వం చూసి నలుగురూ నవ్వడం నచ్చలేదు. “అమ్మా, మధ్యమధ్యలో ఆగొద్దు. టేపు వేస్టయితాంది,” అని రికార్డు చేసి పంపాను. ఆ తర్వాత వచ్చిన క్యాసెట్లో అమ్మ ఎక్కడా ఆగలేదు. తిన్నావా, చదువుతున్నావా, అవ్వ మోకాళ్లు ఎట్లున్నాయి, అన్నీ ఒకే బిగిన. అవ్వ విని, “మీయమ్మ ఎవురో ఎనకపడి తరుముతాండట్ల మాట్లాడ్తాందే,” అంది. ఒక్క వైపే ఎన్ని విషయాలు పట్టాయో అని నేను సంతోషించాను.

నేను డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా అవ్వ పోయింది. మేమున్నది అద్దె ఇల్లు, ఖాళీ చేసి ఒక గదిలోకి మారాను. ఫైనలియరు పరీక్షలు రాసిన నెలకే నాకూ వీసా వచ్చింది. ఇప్పించింది మా వీధి మనిషే, రాయచోటి నుంచి వచ్చి స్థిరపడ్డ ముస్లిం అన్న. ఆయన సబ్హాన్‌లో నీళ్ల ట్యాంకరు తోలేవాడు. అక్కడే ఒక టైర్ల గోడౌన్‌లో నన్ను పెట్టించాడు. ఒకే గదిలో పద్నాలుగు మందిమి. రిజల్ట్సు రాకముందే వాళ్లు నాకు బీకాము అని పేరు పెట్టేశారు. “బీకామూ, ఆ టైరు ఇట్ల దొర్లించు.”

నెలకు రెండు శుక్రవారాలు జహ్రా పోయి అమ్మను చూసేవాణ్ణి. చూడటమంటే గేటు దగ్గర నిలబడటమే. పనిమనుషుల కోసం వచ్చినవాళ్లు లోపలికి పోయే పద్ధతి లేదు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ అమ్మ వచ్చేది. గేటుకు ఆపక్క తను, ఈపక్క నేను, ఓ అరగంట.

ఆగస్టు ఒకటో తారీఖు, బుధవారం. ఊరి నుంచి వచ్చినతను నా స్నేహితుడి ఉత్తరం తెచ్చిచ్చాడు. అందులో ఒక పేపరు ముక్క. హాల్‌టికెట్ నంబర్లు వరసగా అచ్చువేసి ఉన్నాయి. ఫస్టు క్లాసు వరసలో ఒక నంబరు కింద ఎర్ర సిరా గీత. నాది. ఆ సాయంత్రమే మిర్కాబ్ బజారుకు పోయి ఒక కిలో మిఠాయి కొన్నాను. శుక్రవారం జహ్రా పోయి, గేటులోంచి అమ్మ నోట్లో ఒకటి పెట్టి చెప్పాలి. ఇక ఎవరి గిన్నెలూ తోమొద్దు, నేనున్నాను, ఇంటికి పోదాం పా అనాలి. బస్సులో నిలబడే ఆ మాటలన్నీ వరస కుదుర్చుకున్నాను.

గురువారం తెల్లారేసరికి రోడ్ల మీద ఇరాక్ ట్యాంకులు. గోడౌన్ తెరవలేదు, రొట్టెల దుకాణం తెరవలేదు. తొమ్మిదింటికి రాయచోటి అన్న నా మంచం కింది డబ్బా బయటికి లాగాడు. పద్నాలుగు మందికీ తలా రెండు మిఠాయిలు.

“నీ పాసు మిఠాయి మాకు నాష్టా అయిపాయె బీకామూ. మబ్రూక్,” అన్నాడు. మబ్రూక్ అంటే అక్కడ శుభాకాంక్షలు. బయట ఏదో పేలి కిటికీ అద్దాలు అదిరాయి. అందరం నములుతూనే ఉన్నాం.

జహ్రా ఇంటికి ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తేవాళ్లు లేరు. ఆ సైన్యం వచ్చింది జహ్రా దారినే అని అందరూ చెప్పుకుంటున్నారు. పన్నెండు రోజులకు గానీ నేను బయల్దేరలేకపోయాను. నీళ్ల ట్యాంకర్లను ఎక్కువ ఆపడం లేదని అన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అయినా ఒక చోట ఆపారు. నా జేబులోని పేపరు ముక్క తీసి, తెలియని లిపి, వరసగా అంకెలు, ఒకదాని కింద ఎర్ర గీత చూసి సిపాయి తుపాకీ సర్దుకున్నాడు. అది రహస్య సంకేతం అనుకున్నాడని అతని మొహం చెబుతోంది. అన్న స్టీరింగు వదలకుండా, “మదరసా, ఇమ్తిహాన్!” అన్నాడు. బడికీ పరీక్షకూ ఉర్దూలోనూ అరబీలోనూ అవే మాటలు. సిపాయి నా వయసువాడే. ఆ కాగితం వంకా నా వంకా చూసి, పాసా అన్నట్టు ఏదో అడిగాడు. అన్న తలూపాడు. కాగితం ఉన్న మడతల మీదే మళ్లీ మడిచి ఇచ్చి, అన్న సిగరెట్ పెట్టె మాత్రం తీసుకుని పంపించాడు.

జహ్రా ఇంటి గేటుకు లోపలి నుంచి గొళ్లెం. తట్టాను. ఎవరని ముసలి గొంతు అరబీలో అడిగింది. నాకు తోచక, “అమ్మా, నేనే,” అన్నాను. గొళ్లెం వెంటనే తీశారు. నల్ల బట్టల్లో ఒక పెద్దామె. కళ్లలో తెల్లటి పొర. ఆమె నా మొహం చూడలేదు, చెవి నా వైపు తిప్పి, “నాయనా?” అంది.

ఆ ఇంటి యజమాని తల్లి. ఆ వీధి అంతా ఆమెను యుమ్మా అంటుంది, అక్కడ అమ్మను అలాగే పిలుస్తారు. నన్ను ఎప్పుడూ చూడలేదు. కానీ నేను పంపిన ప్రతి క్యాసెట్టూ అమ్మ వంటింట్లో పెడితే గడప దగ్గర చాప మీద కూర్చుని తొమ్మిదేళ్లు విన్నది. నా గొంతు మారడం కూడా విన్నది. అమ్మ రికార్డు చేసినప్పుడల్లా నాయనా అని మొదలుపెడుతుంది గనుక అదే నా పేరనుకుంది.

అమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. బతికున్నావా అని అడగలేదు. “చిక్కిపోయినావు,” అంది. నేను వరస కుదుర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. కాగితం చేతిలో పెట్టి, “పాసయినామ్మా. ఫస్టు క్లాసు,” అన్నాను. అమ్మ ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది. కళ్లకద్దుకుంది. యుమ్మా వైపు తిరిగి తన వంటింటి అరబీలో, పిల్లోడు, పెద్ద బడి, ఖలాస్ అని చెప్పింది. యుమ్మా నా భుజం తడుముతూ మబ్రూక్, మబ్రూక్ అంది.

ఆ రోజే మొదటిసారి ఆ ఇంటి లోపలికి పోయాను. యజమానీ, అమ్మ మామా అని పిలిచే ఇంటావిడా, పిల్లలూ ఎండాకాలం సెలవులకని వేరే దేశంలో ఉన్నారు. యుమ్మా విమానం ఎక్కనంది, ఆమెకు తోడు అమ్మను వదిలి వెళ్లారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఇద్దరే.

టీ తాగాక, “ఇంటికి పోదాం పామ్మా,” అన్నాను.

“ఏ ఇంటికిరా?” అంది అమ్మ.

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. అవ్వ లేదు, అద్దె ఇల్లు లేదు. ఇక్కడుంటే చంపుతారు అన్నాను. యుమ్మాకు చూపు దాదాపు లేదని, రోజుకు మూడుసార్లు మాత్రలని, నీళ్ల గ్లాసు అందించకపోతే గోడ తడుముకుంటూ పోతుందని అమ్మ చెప్పింది. నేను డిగ్రీ అయ్యాను, నిన్ను నేను చూసుకుంటానన్నాను.

“నువ్వు డిగ్రీ అయితే ఈయమ్మకు కండ్లొచ్చినాయా?” అంది.

ఆ రోజు ఒక్కణ్ణే వెనక్కి వచ్చాను. తర్వాత నెల రోజులు సబ్హాన్‌లో నా చదువుకు పని దొరికింది. ఊరికి పోయే బస్సుల కోసం మనవాళ్లందరికీ ఇంగ్లీషు దరఖాస్తులు నింపాను. అందరి పేర్లూ రాశాను, అమ్మ పేరు తప్ప. సెప్టెంబరు మూడో వారంలో రాయచోటి అన్న వచ్చి, శుక్రవారం బస్సులో రెండు సీట్లున్నాయి, ఆ తర్వాత ఉంటాయో లేదో తెలీదన్నాడు. బుధవారం మళ్లీ జహ్రా పోయాం.

అమ్మ రానంది. నువ్వు రాకుంటే నేనూ పోనన్నాను. అమ్మకు నిజంగా కోపం వచ్చింది. ఇంత చదివింది ఇక్కడ చావడానికా అని తిట్టింది. గొడవేమిటని యుమ్మా అడిగింది. అమ్మ చెప్పలేదు. వాకిట్లో ఉన్న అన్న అరబీలో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బస్సు సంగతి, అమ్మ పాస్‌పోర్టు కఫీల్, అంటే యజమాని గదిలో బీరువాలో ఉన్న సంగతి, తాళంచెవి ఆయనతో పాటు దేశం దాటిన సంగతి.

యుమ్మా లేచి వంటింట్లోకి పోయి మసాలా దంచే ఇత్తడి రోకలి తెచ్చింది. గోడ పట్టుకుంటూ కొడుకు గదిలోకి నడిచింది. “లా యుమ్మా, లా,” అంటూ అమ్మ వెనకే. లా అంటే వద్దు. మొదటి దెబ్బ చెక్కకు తగిలింది, రెండోది గాల్లో పోయింది. ఎడమ చేత్తో తాళం ఎక్కడుందో తడిమి చూసుకుని మూడోది వేసింది, తాళం ఊడింది. లోపలి పాతవీ కొత్తవీ పాస్‌పోర్టులన్నీ తీసి నా చేతుల్లో కుప్పగా పోసింది. చదవగలిగేది నేనే గదా. అమ్మది వెతికి తీశాను. యుమ్మా అమ్మ వైపు తిరిగి, “రూహీ,” అంది. వెళ్లు అని.

అమ్మ కదల్లేదు. పక్కింటి కోడలిని పిలిపించారు. పొద్దునా రాత్రీ వచ్చి చూస్తానని ఆమె ఒప్పుకుంది. మరి మధ్యాహ్నం మాత్ర? ఏ డబ్బాలో ఏముంది? పొయ్యి ఎట్ల ఆపాలి? అదంతా నేను రాసిస్తానని జేబులోంచి పెన్ను తీశాను.

“ఎవురు చదవాల? ఈయమ్మా, గోడా?” అంది అమ్మ.

లోపలికి పోయి టేప్‌రికార్డరు తెచ్చింది. కొత్త క్యాసెట్టు కొనడానికి దుకాణాలేవీ మిగల్లేదు. ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి మూత తీసింది. తొమ్మిదేళ్ల నా గొంతు అందులో ఉంది. పైన చీటీలేమీ లేవు, ఏది ఏదో అమ్మకు గీతల్ని బట్టి, పగుళ్లను బట్టి తెలుసు. అడుగు నుంచి ఒకటి తీసింది. అది ఏదని అడిగాను.

“నువ్వు ఆగొద్దని చెప్పింది. ఇది పాయినా పర్వాల్యా.”

బటన్ నొక్కింది. సగం అరబీ, సగం తెలుగు. యుమ్మా, అన్నం తిన్నావా అని మొదలుపెట్టింది. ఆగింది. సరే, ఇప్పుడు లెయ్యి, గోడ పట్టుకో అంది. మళ్లీ ఆగింది. ఎంతకూ మాట్లాడలేదు. మాట మర్చిపోయిందనుకుని ఆపడానికి చెయ్యి చాపాను. నా చేతి మీద ఒక్కటి వేసింది. అప్పుడు అమ్మ కళ్లు చూశాను. అవి చాప మీద మొదలై, గోడ వెంబడి నెమ్మదిగా కదిలి, గడప దగ్గర కొంచెం ఆగి, నీళ్ల కుండ దాకా వెళ్లాయి. పెదాలు అడుగులు లెక్కపెడుతున్నాయి. యుమ్మాను చేయి పట్టుకుని నడిపిస్తోంది. కుండ దగ్గరికి చేరాకే, గ్లాసు దొరికిందా, మూతకు దారం ముడి ఉన్న సీసాలోంచి ఒక్కటే తీసుకో అంది. మళ్లీ ఆగింది.

ఒక మనిషి మాత్ర నోట్లో వేసుకుని మింగడానికి ఎంతసేపు పడుతుందో, బడి నుంచి వచ్చిన పిల్లోడు తిన్నానమ్మా అని చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అమ్మకు తెలుసు. అంత చోటు ఆ మనిషికి వదిలిపెట్టేది. నేను దాన్ని వేస్టన్నాను. నా మూడేళ్ల చదువులో ఇంత పనితనం నేను ఎక్కడా చూడలేదు.

చివర్లో రీలు ఇంకొంచెం మిగిలింది. అమ్మ ఒక క్షణం ఆలోచించి తెలుగులో, “మా వోడు డిగ్రీ పాసయినాడు, యుమ్మా,” అంది. ఆగింది. గడప దగ్గరి చాప మీది నుంచి యుమ్మా మబ్రూక్ అంది. అదీ టేపులోకి ఎక్కింది. అమ్మ నవ్వి బటన్ ఆపింది. నొక్కాల్సిన బటన్‌కు యుమ్మా వేలికి తెలిసేలా దారం ముడి కట్టింది. రాత్రికి చపాతీలు చేసి మూట కట్టింది. శుక్రవారం బస్సెక్కాం.

బస్రా, బాగ్దాదు, జోర్డాన్‌లో గుడారాలు, బొంబాయి, చివరికి కడపలో నా గది. అమ్మ ఆ గదిని రెండు రోజుల్లో అద్దంలా చేసింది. కానీ రోజూ మధ్యాహ్నం మూడున్నరకు చేస్తున్న పని ఆపి కాసేపు ఊరికే నిలబడేది. జహ్రాలో అప్పుడు ఒంటిగంట, యుమ్మా మధ్యాహ్నం మాత్ర వేళ. నాకు ఒక సహకార సంఘంలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. యుద్ధం అయిపోయాక యజమాని నుంచి ఉత్తరం, వెనకే వీసా వచ్చాయి. అమ్మ పనికి పోవాల్సిన అవసరం ఇప్పుడు లేదు. అయినా ఆ ఉత్తరం చదివి వినిపిస్తున్నప్పుడు ఆమె మొహం చూశాక ఆపబుద్ధి కాలేదు. పెట్టె నేనే సర్ది పంపాను.

పట్టా వచ్చిన రెండో రోజు రాయచోటి అన్న వాళ్ల తమ్ముడు సెలవు మీద వచ్చి క్యాసెట్టు ఇచ్చాడు. తలుపేసుకుని పెట్టాను. ఇంట్లో టీవీ లేదు, తివాచీలు లేవు, కిటికీలు పగిలాయి, అన్నీ ఎత్తుకుపోయారని అమ్మ చెప్పింది. టేప్‌రికార్డరు ఒక్కటి మిగిలిందట. సిపాయిలు వచ్చినప్పుడల్లా యుమ్మా దాన్ని తన నల్ల బట్ట కింద పెట్టుకుని కూర్చునేదట.

తర్వాత చిన్న గుసగుస, ఏదో నవ్వు. ఉన్నట్టుండి ముసలి గొంతు, అచ్చం అమ్మ యాసలో, “మా వోడు డిగ్రీ పాసయినాడు.”

అమ్మ నవ్వు ఆపుకోలేకపోతోంది.

“పూటకో మాత్ర ఏసుకుని, పతిసారీ ఈ మాట అనేదంట. పక్కింటి కోడలికి గూడా నేర్పినాదిరా. ఆ పిల్ల నన్ను చూస్తానే ఇదే అన్నె.”

నేను రెండు రోజులుగా పోస్ట్‌మ్యాన్‌కీ ఇస్త్రీ ఆయనకీ చెప్పుకుని మురిసిపోతున్నాను. అక్కడ ఆ కిటికీలు పగిలిన ఇంట్లో, తెలుగు రాని ఒక పెద్దామె రోజుకు మూడుసార్లు నా సంగతి చెప్పింది, నెలల తరబడి.

నవ్వు సద్దుమణిగింది. గిన్నె పక్కన పెట్టిన చప్పుడు.

“నాయనా, తింటివా?”

రీలు తిరుగుతోంది. వెనక ఏసీ మోత లేదు, పగిలిన కిటికీలోంచి గాలి చప్పుడు. అమ్మ ఆగింది. తొమ్మిదో తరగతి నుంచి నేను పోగొట్టుకున్న ఆ చోటు, అంత పొడుగూ, మళ్లీ నా ముందు ఉంది.

“తింటినిమా,” అన్నాను, అవ్వలాగా వంగి, గట్టిగా. ఎదురుగా ఇస్త్రీ ఆయన పెట్టె పైకెత్తి పట్టుకుని ఇటే చూస్తున్నాడు. అమ్మ ఇంకా ఆగే ఉంది. సంగటి నేనే కెలికానని, కొంచెం ఉండ కట్టిందని, పట్టా వచ్చిందని, దాన్ని తలకిందులుగా పట్టుకోవడానికి నువ్వు లేవని కూడా చెప్పాను.

“సరే,” అంది అమ్మ.